మైకు బండి పాప

హిందూపురంలో రాజకీయం మీద వాదించుకున్నవాళ్లు సాయంత్రానికి కలిసి టీ తాగుతారు. పెండ్లి మేళం మీద వాదించుకుంటే మాత్రం మళ్లీ పెండ్లిళ్ల కాలం వచ్చేదాకా మాటలుండవు. ఇది తెలిసీ, కేబుల్ ఓనరు మహేష్ 2003 ఎండాకాలంలో, ముహూర్తాలు జోరుగా ఉన్న రోజుల్లో, తన లోకల్ చానల్‌లో సాయంత్రం ఫోన్ కార్యక్రమానికి ఒక ప్రశ్న తగిలించాడు. మన పక్క పెండ్లి పాటల తీరునే మార్చేసిన బ్యాండు ఏది? ఫోన్ చేసి చెప్పండి, గెలిచిన బ్యాండుకు సన్మానం చేస్తాం అన్నాడు.

ఇక చూసుకోండి. ఫోన్ కిందపెడితే మోగింది, పైకెత్తితే అరిచింది.

"మా ఊరి నటరాజ బ్యాండు కాకపోతే ఇంకెవురు మేడం?" అని ముక్కడిపేట నుంచి ఒకాయన. "మా అన్న పెండ్లికి గౌరిబిదనూరోళ్లు ఆడపెండ్లోళ్లు. ఒక తెలుగు పాట, ఒక కన్నడ పాట, మార్చి మార్చి వాయించి రెండు పక్కలోళ్లనీ ఎగిరించినారు. వాళ్లకు ముందు ఎవురన్నా ఆ పని చేసినారా?"

ధర్మవరం నుంచి వచ్చి ఇక్కడ పట్టు అంగట్లో పనిచేసే మనిషికి ఒళ్లు మండింది. "స్వరలహరి ఆర్కెస్ట్రా తర్వాతే ఎవరైనా. కీబోర్డు, రిథమ్ ప్యాడ్ ఈ సీమకు తెచ్చిందే మా ధర్మవరమోళ్లు. ఒక్క మనిషి కూర్చోని పదిమంది వాయిద్యం వాయిస్తాండె!"

"స్టేజీ మీద కుర్చీలేసుకోని కూర్చుంటే బ్యాండు అయితాదా?" అని వెంటనే ఇంకొకాయన. "మెరవణిలో, ఊరేగింపు ముందర ఎండకు, దుమ్ముకు నడిచేదే బ్యాండు. కూర్చునేటోళ్లది కచేరీ. వాళ్లను లెక్కలో నుంచి తీసేయండి."

రిటైరైన మాస్టరొకాయన ఫోన్ చేసి, వీళ్లందరూ నకలు కొట్టేవాళ్లేననీ, పాటను మార్చింది మద్రాసులో సినిమాలకు బాణీలు కట్టినవాళ్లేననీ, ఈ చర్చే దండగనీ తీర్పు చెప్పాడు. ఆయన ఫోన్ పెట్టీ పెట్టకముందే ఒక ఆడమనిషి: "మద్రాసాయన బాణీ కట్టినాడు, సరే. మా మామను లుంగీ ఎగ్గట్టి రోడ్డు మీద డాన్సు చేయించింది మద్రాసాయనా?" ఆ సాయంత్రం మాస్టరు మళ్లీ ఫోన్ చేయలేదు.

ఈ అరుపులన్నిటి మధ్య నవ్వు చెదరకుండా కూర్చునే యాంకరు పేరు ఐశ్వర్య. "మీ అభిప్రాయం చాలా బాగుందండి, మీరు ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?" అని మాట్లాడేది. ఆ మాట హిందూపురం మాట కాదు, పెనుకొండ మాట అంతకన్నా కాదు. టీవీలో పెద్ద చానళ్లు చూసి నేర్చుకున్న మాట. ఆఫీసులో ఎవరైనా అడిగితే తండ్రిది ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారమని చెప్పేది. ఒకసారి మహేష్ భార్య, మీ అంగట్లో నుంచి ఒక చీర తెచ్చిపెట్టమ్మా అంటే, సెలవు పెట్టి ధర్మవరం పోయి, ఏదో అంగట్లో బేరమాడి కొని, ఇంటి సరుకే అక్కా అని ఇచ్చింది. అబద్ధం ఆడినవాళ్లకు ఖర్చులుంటాయి.

అసలు సంగతేమంటే ఆమె పేరు ఈశ్వరి. తండ్రి పోతులయ్య. పెనుకొండలో పోతులయ్య బ్యాండు అంటే కొండ కింద ఏ వీధిలోనైనా ఇల్లు చూపిస్తారు. మహేష్ చానల్ పెనుకొండలో రాదు. అందుకే ఈశ్వరి ధైర్యంగా ఐశ్వర్య అయి కూర్చుంది.

*

చర్చ మొదలైన రెండో సాయంత్రం ఒక ఫోన్ వచ్చింది.

"హలో, చెప్పండి. మీ పేరు?"

అవతల మాటకు ముందు, ముక్కుతో ఒక్కసారి గట్టిగా గాలి పీల్చిన చప్పుడు. క్లారినెట్టు వాయించేవాళ్లు పాట ఎత్తుకునే ముందు పెదాలు లోపలికి ముడుచుకుని అట్లా పీలుస్తారు. పోతులయ్యకు మాట ఎత్తుకోవాలన్నా అదే అలవాటు. ఈశ్వరి చేతిలో పెన్ను జారి బల్ల మీద పడింది.

"నేనమ్మా... రొద్దం సుబ్బన్నను," అంది ఫోన్. గొంతు బొంగురు చేశాడు, పాపం. సొంత కూతురికి తెలియకుండా ఉండటానికి ఆ బొంగురు ఏ మూలకు సరిపోతుంది?

"చెప్పండి సుబ్బన్న గారూ."

"అందరూ ఏందేందో చెప్తాండారు. పెనుకొండ పోతులయ్య బ్యాండును ఒక్కరూ తలుచుకోల్యా. మెరవణిలో మైకు బండి పెట్టింది ఆయప్పే కదమ్మా. బండి మీద ఒక పాప పాడతాండె, ఆ పాప..."

ఈశ్వరి వేలు బటన్ మీదికి దానంతటదే పోయింది. "అయ్యో, లైన్ కట్ అయినట్టుంది. తర్వాతి కాలర్‌తో మాట్లాడదాం."

ఒళ్లంతా చెమట. ఏసీ గది అని పేరే గానీ ఆ గదిలో ఏసీ ఏనాడూ పనిచేయలేదు. అయినా ఆ చెమట ఉక్కకు పట్టింది కాదు. సిగ్గుకు పట్టింది. సొంత బ్యాండుకు సొంతంగా ఓటేసుకోవడానికి దొంగ పేరుతో ఫోన్ చేసే తండ్రి ఎవరికుంటాడు? అదొక సిగ్గు. ఆ పాప ఎవరో నోరుజారి చెప్పేస్తాడేమోనన్న భయం దాని కింద ఇంకొకటి.

ఎందుకంటే ఆ పాప ఈశ్వరే.

తొంభై ఒకటి, తొంభై రెండు నాటి మాట. అప్పటిదాకా ఈ పక్క బ్యాండంటే వాయించడమే. క్లారినెట్టు, ట్రంపెట్టు, డ్రమ్ములు ముందు నడుస్తుంటే పెండ్లికొడుకు కారు వెనక నడుస్తుంది. పాట ఏదో తెలిసినవాళ్లకు తెలిసేది, తెలియనివాళ్లు ఊరికే ఊగేవాళ్లు. పోతులయ్య ఒక తోపుడు బండి మీద లారీ బ్యాటరీ, ఆంప్లిఫయరు, ఒక ఇనప హారను బిగించి, దాని మీద పదేండ్ల కూతురిని నిలబెట్టి చేతికి మైకు ఇచ్చాడు. పాప నోరు తెరిచేసరికి వీధి వీధంతా మిద్దెలెక్కింది. సోమందేపల్లి నుంచి, లేపాక్షి నుంచి, పాప ఉంటేనే బ్యాండు అని పట్టుబట్టి పిలిచేవాళ్లు. రెండేండ్లు తిరిగేసరికి ప్రతి బ్యాండుకూ ఒక మైకు బండి, బండి మీద పాడే మనిషి వచ్చేశారు. ఈ రోజుకీ అదే తీరు. ఎవరు మొదలుపెట్టారన్నది మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ఈశ్వరికి గుర్తుంది. క్లాసులో పక్కన కూర్చునే ఐశ్వర్య అనే పిల్ల వాళ్ల అక్క పెండ్లిలో కూడా బండెక్కి పాడింది. పాట బాగుందని ఐశ్వర్యే చెయ్యిపట్టుకుని భోజనాలకు తీసుకుపోయి, బంతిలో పక్కన కూర్చోబెట్టుకుంది. విస్తరిలో అన్నం కూడా వేశారు. అప్పుడు ఆ పిల్ల పెద్దమ్మ వచ్చి, "ఏమే, బ్యాండోళ్లు చివరి బంతిలో కదా కూర్చునేది, లెయ్," అంది. ఈశ్వరి లేచింది. బంతి అంతా చూసింది. మరుసటి రోజు నుంచి బండెక్కలేదు. పోతులయ్య ఎందుకని అడగలేదు. బంతి చివర నిలబడి ఆయన కూడా చూశాడు మరి.

టీవీలో పేరు ఏం పెట్టుకుంటావని మహేష్ అడిగినప్పుడు ఆమె నోటికి ఐశ్వర్య అనే పేరే ఎందుకు వచ్చిందో ఇంక చెప్పనక్కర్లేదు.

*

మరుసటి సాయంత్రం లేపాక్షి శ్రీనివాసులు ఫోన్ చేశాడు. గొంతు ఈసారి సన్నం. "పోతులయ్య బ్యాండు..." అనగానే లైన్ కట్టయింది. ఆ తర్వాతి రోజు మడకశిర వెంకటేశ్వర్లు, కన్నడ యాసతో. ఆయనకు యాస కుదరలేదు, లైనూ కుదరలేదు.

మహేష్ బుర్ర తక్కువవాడు కాదు. "ఒకడే చేస్తాండాడు ఇది. ప్రతిసారీ వెనక బస్టాండు హారన్లు. నడుమ కాయిన్ బాక్సులో రూపాయి పడిన చప్పుడు," అన్నాడు. కెమెరామన్ ప్రేమ్ కుమార్‌ను పిలిచి, "రేపు హ్యాండీక్యాం తీసుకోని బస్టాండు కాడ నిల్చో. పట్టుకో వాణ్ణి. ప్రోగ్రాం అదిరిపోతాది," అని చెప్పాడు. తర్వాత ఈశ్వరి వైపు తిరిగి, "నువ్వు కట్ చేయొద్దమ్మా. ప్రేమ్ దొరకబట్టేదాకా మాట్లాడిస్తా ఉండు," అన్నాడు.

ఆ క్షణంలో నోరు తెరవాల్సింది. మా నాయన సార్, వదిలేయండి, అంటే అయిపోయేది. కనీసం పెనుకొండకు, పక్కింటి చౌడక్క ఇంటికి ఫోన్ చేసి రేపు బయలుదేరొద్దని చెప్పించినా సరిపోయేది. ఈశ్వరి రెండూ చేయలేదు. "సరే సార్," అంది. రేపు రాడేమో అనుకుంది. అట్లా అనుకోవడం ఆమెకు సులువైంది.

వచ్చాడు.

"చిలమత్తూరు నుంచి నాగేంద్రనమ్మా."

"చెప్పండి నాగేంద్ర గారూ. మీ దృష్టిలో ఏ బ్యాండు గొప్పది?"

లైన్ కట్ కాలేదే అని ఆశ్చర్యపోయినట్టున్నాడు. "పెనుకొండ పోతులయ్య బ్యాండమ్మా," అని నెమ్మదిగా, కాలితో నీళ్ల లోతు చూసుకునేవాడిలాగా మొదలుపెట్టాడు.

"ఎందుకో కొంచెం వివరంగా చెప్తారా?"

ఇక ఆగలేదు పోతులయ్య. ఆ సంబరంలో బొంగురు గొంతు మరిచిపోయాడు. "ఆయప్పకు ముందు మెరవణి అంటే ఊరికే వాయింపుడమ్మా. మాట లేని పాట. ముసలోళ్లు, ఆడోళ్లు యాడ పాడేది? ఆయప్ప మైకు బండి తెచ్చినాక కదా వీధిలో ఉండేటోళ్లంతా పాట ఎత్తుకునేది. కీబోర్డు తెచ్చినారంటాండారు. తెచ్చినారు, కాదన్ల్యా. కీబోర్డొచ్చినాక మా అసుమంటోళ్లు... క్లారినెట్టోళ్లు మూలకు పడినారు. బండి మాత్రం యాటికీ పోలేదు సూడు. యా బ్యాండైనా సూడు, పాడే మనిషి లేకుండా ఉండాదా?"

అద్దం అవతల మహేష్ చెయ్యి గుండ్రంగా తిప్పుతున్నాడు. సాగదీయమని. ఈశ్వరికి ఇంకో ప్రశ్న తోచలేదు. ఇన్ని రోజులూ ఏ మాట రాకూడదని బటన్ నొక్కుతూ వచ్చిందో, ఆ మాటే తన నోటితో అడిగింది.

"ఆ పాప గురించి చెప్పండి."

"ఆ పాపనా?" పోతులయ్య గొంతు మెత్తబడింది. "ఏం చెప్పల్లమ్మా. పాడేటప్పుడు కండ్లు మూసుకుంటాండె. బండి కుదుపులకు పడిపోతాదేమో అని నేను ఒక కన్ను ఆ పక్కే పెట్టుకోని వాయిస్తాంటి. పాట అయిపోతానే నా పక్క చూసి..." ఆగాడు. "అంటే, పోతులయ్య పక్క చూసి. అట్ల చెప్పుకుంటారమ్మా అందరూ."

అప్పుడే ఫోన్‌లో ప్రేమ్ కుమార్ గొంతు వినిపించింది. "ఏమప్పా నాగేంద్రన్నా, రోంత ఈ పక్క చూడు!"

ఏదో కిందపడిన చప్పుడు. రూపాయి బిళ్లలు కావచ్చు. తర్వాత లైన్ నిజంగానే కట్టయింది. ఈశ్వరి కెమెరా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వును ఆమె తర్వాత టేపులో చూసుకుంది. చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

*

ప్రేమ్ తెచ్చిన టేపును మరుసటి సాయంత్రం ప్రసారం చేశారు. బస్టాండు పక్క అంగడి ముందు ఎర్రటి కాయిన్ బాక్సు. దాని పక్కన ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి, రిసీవరు ఇంకా చేతిలోనే ఉంది. చుట్టూ జనం చేరి నవ్వుతున్నారు.

"పేరు చెప్పప్పా. నాగేంద్రనా, సుబ్బన్ననా?"

"పోతులయ్య సార్. బ్యాండు నాదే. సిగ్గు లేకుండా ఫోన్ చేసినా. తప్పయింది."

"మరి ఆ పాప ఎవురు?"

పోతులయ్య కెమెరా వైపు చూశాడు. జనం వైపు చూశాడు. ముక్కుతో గాలి పీల్చుకున్నాడు.

"మా పాపే సార్."

"యాడుంది ఇప్పుడు?"

"ఇప్పుడు లేదు సార్," అన్నాడు. అని తల దించుకున్నాడు.

నవ్వుతున్న జనం గమ్మునైపోయారు. ప్రేమ్ కుమార్ కెమెరా కూడా కాస్త కిందికి దిగింది. హిందూపురం మొత్తం ఆ మాటకు ఒకే అర్థం తీసుకుంది. తీసుకోక ఏం చేస్తుంది? ఆ రాత్రి నుంచి ఫోన్లే ఫోన్లు. నటరాజ బ్యాండు మనిషే ఫోన్ చేసి, మా ఓటు కూడా ఆ పాపకే అన్నాడు. ధర్మవరం పట్టు అంగడి మనిషి ఏడ్చాడు. మాస్టరు కూడా మౌనం వదిలి, మద్రాసును పక్కనపెట్టి, ఆ చిన్నారికి న్యాయం జరగాలన్నాడు. చనిపోయిన పాప గెలిచింది. సన్మానం పోతులయ్యకు, నివాళి పాపకు అని మహేష్ ప్రకటించాడు. ప్రకటన చదివింది ఈశ్వరే.

సెలవు రోజున పెనుకొండ పోయింది. చాలా నెలలకు పోవడం. తల్లి గోవిందమ్మ పనికి పోయింది, ఇంట్లో లేదు. పోతులయ్య గడప దగ్గర కూర్చుని క్లారినెట్టు తుడుస్తున్నాడు. కూతురిని చూసి గబుక్కున లేచి నిలబడ్డాడు. కూతురికి లేచి నిలబడే తండ్రిని చూసి ఈశ్వరికి తల తిప్పుకోవాలనిపించింది.

"అట్ల యాల చెప్పినావు నాయనా?"

"ఏం చెప్పల్లనో తోచల్యా. నీ పేరు నోటిదాకా వచ్చె. మింగేసినా. ఇప్పుడు ఈడ లేదు అందామనుకుంటి. ఈడ అనే మాట నోట్లోనే నిలిచిపోయె."

"ఫోన్లు యాల చేసినావు? ఒక సన్మానం కోసరమా?"

ఆయన క్లారినెట్టును గుడ్డలో చుట్టాడు. "ఆ స్వరలహరోళ్లను పొగుడుతాంటే కడుపు మండిన మాట నిజమేలే. హిందూపురం వచ్చి టీ అంగట్లో టీవీ చూస్తాంటి ఆ పొద్దు." గుడ్డకు ముడి వేస్తూ, "నువ్వు యా ఊరోళ్లు ఫోన్ చేసినా చెప్పండి చెప్పండి అంటాండావు. నేను చౌడక్క ఇంటి నుంచి మీ ఆఫీసుకు చేస్తే, పనిలో ఉండా పెట్టేయ్ అంటావు. ఆడ చేస్తే మాట్లాడతావనుకుంటి," అన్నాడు.

ఈశ్వరి ఏడ్చింది. ఏడ్చి, నిజం చెప్పేస్తానని మాత్రం అనలేదు. "సన్మానానికి రావద్దు నాయనా," అంది.

"రాకపోతే ఇంకా అడుగుతారు. వచ్చి శాలువా కప్పించుకోని పోతా. నీ పక్క చూడను. మీయమ్మకు ఏం చెప్పల్యా, ఆమెను రానీను. నువ్వు భయపడొద్దు."

భయపడొద్దని తండ్రి చెబుతుంటే ఆమెకు నిజంగానే భయం తగ్గింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక అది గుర్తొచ్చి తన మీద తనకే రోత పుట్టింది. అయినా బస్సు దిగలేదు.

*

సన్మానం కళ్యాణ మండపంలో పెట్టారు. స్టేజీ మీద కుర్చీలు, వెనక బ్యానరు, పక్కన టేబుల్ మీద ఒక ఫోటో. ఎవరిదో పాత పెండ్లి ఆల్బంలో దొరికిన బొమ్మను స్టూడియోలో పెద్దది చేయించారు. తోపుడు బండి మీద గళ్ల గౌను వేసుకున్న పాప, మూసిన కండ్లు, సగం మొహానికి మైకు అడ్డం. ఫోటో ముందు దీపం వెలిగించారు. మహేష్ చామంతి దండ తెచ్చి ఈశ్వరి చేతికిచ్చాడు.

"నువ్వే వేయమ్మా. ఆడపిల్ల చేత్తో వేస్తే బాగుంటాది."

ఈశ్వరి తన ఫోటోకు తనే దండ వేసింది. హాలంతా లేచి నిలబడి మౌనం పాటించింది. స్టేజీ మీద కుర్చీలో పోతులయ్య మోకాళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు. మౌనం అయ్యాక ఆమె మైకు దగ్గరికి పోయి కాగితం చదవడం మొదలుపెట్టింది. "మన ప్రాంతపు పాటకు కొత్త బాట వేసి, అకాల మరణం పాలైన చిన్నారి..." అక్కడికి వచ్చేసరికి తలుపు దగ్గర అలికిడైంది.

గోవిందమ్మ వచ్చింది. మొగుడు చెప్పకపోతే ఏం, ఊళ్లో చెప్పేవాళ్లకు కొదవా? నీ మొగుడికి హిందూపురంలో పెద్ద సన్మానమంట అని చౌడక్క చెప్పింది. మొగుడికి సన్మానం జరుగుతుంటే చూడకుండా ఎట్లా ఉంటుంది, వెనక బస్సుకే బయలుదేరింది. పెట్టెలో దాచిన చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చింది. కుర్చీల మధ్య నుంచి నవ్వుతూ ముందుకు వచ్చి, ఫోటో చూసింది. దండ చూసింది. దీపం చూసింది.

"ఎవురేసినారు దండ?" అంది. అరుపు కాదది. "బతికుండే బిడ్డకు దండేసినారు. ఎవురేసినారు?"

ముందు వరుసలో ఎవరో, అదిగో ఆ యాంకరమ్మ అని చూపించారు.

గోవిందమ్మ చూసింది. ఆమె కూతురు మైకు పట్టుకుని నిలబడి ఉంది. మహేష్ గబగబా ముందుకు వచ్చి, "అమ్మా, మీరు కూర్చోండి, ఎవరైనా నీళ్లు తేండి," అన్నాడు. హాలంతా అయ్యో పాపం అనుకుంది. బిడ్డ పోయిన తల్లి ఇంకేం మాట్లాడుతుందని వెనక వరుసల్లో కండ్లు తుడుచుకున్నారు.

పోతులయ్య కుర్చీలో నుంచి లేచాడు. కప్పిన శాలువా సగం జారి నేల మీద రాస్తోంది. ఈశ్వరి దగ్గరికి వచ్చి, రెండు చేతులూ జోడించి, అందరికీ వినపడేట్టు అన్నాడు. "మేడం, ఏమనుకోవద్దండి. పాప పోయినప్పటి నుంచి మా ఆడమనిషికి మతి సరిగా లేదు. పిలుచుకోని పోతా."

నలభై ఏండ్లుగా తనతో కాపురం చేస్తున్న మనిషి తనకు మతిలేదని నలుగురిలో చెప్పడం గోవిందమ్మ విన్నది. మొగుడి మొహం చూసింది. ఆయన కండ్లతో బతిమాలుతున్నాడు. అప్పుడు మెల్లగా స్టేజీ మెట్లెక్కి, మైకు ముందుకు వచ్చి నిలబడింది.

"నువ్వు చెప్పమ్మా," అంది ఈశ్వరితో. "నాకు మతి లేదా?"

మైకు ఆ మాటను హాలు చివరి దాకా మోసుకుపోయింది. ఈశ్వరికి తండ్రి చెప్పిన అబద్ధం పక్కనే తెరిచిపెట్టిన తలుపులాగా కనిపించింది. అవును అంటే చాలు. ఆమెను తీసుకుపోండి అంటే చాలు. తండ్రి పట్టుకుపోతాడు, మహేష్ నీళ్లిస్తాడు, కార్యక్రమం సాగుతుంది. రేపు సాయంత్రం మళ్లీ ఐశ్వర్య నవ్వుతుంది. తల్లి మాత్రం ఈ ఊరికి పిచ్చిది అవుతుంది. తల్లి కుంకుమ బొట్టు చెమటకు కొంచెం కారి ముక్కు మీదికి వచ్చింది. ఇంట్లో అయితే కొంగుతో తుడిచేదాన్ని అనుకుంది ఈశ్వరి.

కాగితం కింద పెట్టింది. పోయి ఫోటో మీది దండ తీసింది. రెండు చామంతులు రాలి దీపం పక్కన పడ్డాయి. మళ్లీ మైకు దగ్గరికి వచ్చింది.

"మాయమ్మకు మతి బాగుండాది," అంది. టీవీలో నేర్చుకున్న మాట ఆమెకు ఆ పొద్దు రాలేదు. "ఎవురూ సచ్చిపోలేదు. ఆ బండి మీద పాడింది నేనే. ఈయప్ప మా నాయన. నాకు సిగ్గయి, లేదని చెప్పించినా. ఆయప్ప నా కోసరం..."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎందుకు కొడతారు? ఇంతసేపూ కార్చిన కన్నీళ్లు వాళ్లవి. వెనక ఎవరో ఛీ అన్నారు. ఇంకెవరో కుర్చీ చప్పుడు చేస్తూ లేచారు. ప్రేమ్ కుమార్ కెమెరా ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. మహేష్ ఆమె వైపు చూడకుండా, బ్యానరు వైపు చూస్తూ నిలబడ్డాడు.

గోవిందమ్మ కూతురి చెంప మీద ఒక్కటి కొట్టింది. అదీ మైకులో వినిపించింది. కొట్టి, ఆ చేత్తోనే ఆమె తలకు దిష్టి తీసి, తన కణతల దగ్గర మెటికలు విరిచింది. విరుస్తూ బోరుమంది.

పోతులయ్య గాభరాగా ఇద్దరికీ అడ్డం వచ్చాడు. శాలువా చాపి, జనానికి కూతురి మొహం కనపడకుండా తెరలాగా పట్టుకున్నాడు. "వద్దమ్మీ, గమ్మునుండు. అందరూ చూస్తాండారు," అన్నాడు భార్యతో.

ఈశ్వరి శాలువాను చేత్తో కిందికి దించింది.

"చూడనీ నాయనా," అంది.